మాట వినని మనిషి

మా ఆయన మీద మిల్లువాళ్లు మోపిన నేరం పేరు ధిక్కరణ. నోటీసు బోర్డు మీద ఆ మాట చూసి, ఇదేదో గొప్పవాళ్లు చేసే తప్పులా ఉందే అనుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ అంత స్తోమత లేదు.

జరిగింది ఇంతే. మగ్గాల షెడ్డులో నూలు తెగి గుడ్డ పాడవుతుంటే, మగ్గం ఆపమని మేస్త్రీ వెనకనుంచి అరిచాడు. మా ఆయన ఆపలేదు, తిరిగి చూడనూ లేదు. పక్కనే మేనేజరు నిలబడి ఉండేసరికి మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. "ఎంత చెప్పినా వినడండీ వీడు" అన్నాడట.

నిజమే, వినడు. మా ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. ఆ మగ్గాల మోతే వాటిని తినేసింది. ఆ షెడ్డులో చెవులున్నవాళ్లు కూడా పెదాలు చూసే మాట్లాడుకుంటారు కాబట్టి ఎవరూ పసిగట్టలేదు. ఇంట్లో నేను తిట్టాలన్నా ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి తిట్టాలి.

మా మరిది ఒక ప్లీడరు దగ్గర టైపిస్టు. ధిక్కరణ అంటే ఏమిటని అతన్ని అడిగాను.

"చెవిన పడ్డా కావాలని లెక్కచేయకపోవడం వదినా. వినపడకపోతే అది ధిక్కరణే కాదు."

"అయితే వినపడలేదని చెప్పేస్తే సరి!"

"చెవులు పనిచేయని వాడికి మగ్గం ఇస్తారా? పక్క షెడ్డు ఆయన్ని ఏం చేశారో చూశావుగా."

చూశాను. చెవుడని తేలిన మర్నాడే అతన్ని గేటు దగ్గర ఆపేశారు. ధిక్కరణైతే తప్పు ఒప్పుకుని కాళ్లావేళ్లా పడొచ్చు, ఉద్యోగం నిలబడొచ్చు అని మరిది ఆశ. నాకూ అదే సబబనిపించింది. మా ఆయన్ని వంటింట్లో ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఏమడిగినా ఒకటే జవాబు: విన్నానండి, కావాలనే ఆపలేదు, తప్పయింది, క్షమించండి. బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. గొంతు కాస్త తగ్గించమంటే నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

విచారణకు తోడుగా ఒకరిని రానిస్తారు. నేనూ ఆ మిల్లులోనే గుడ్డ మడతలు పెడతాను కాబట్టి నేనే వెళ్లాను. నోరు మెదపకూడదని ముందే హెచ్చరించారు. విచారణ చేసే అధికారి ముసలాయన. బాగా జలుబు చేసినట్టుంది, ముక్కూ నోరూ కలిపి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఇక మా ఆయనకి పెదాలు కనపడవే!

ఆయన మంచివాడు. అదే నా ఖర్మ.

"చూడవయ్యా, ఆ మోతలో ఎవరికైనా వినపడదు. నీకూ వినపడి ఉండదు, అవునా? అలా అయితే మందలించి వదిలేస్తాను" అన్నాడు రుమాలు వెనకనుంచి.

మోతలో ఎవరికైనా వినపడదు! చెవుడు దాచే కంగారులో ఆ చిన్న మాట మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు తల ఊపితే చాలు. నేను చెయ్యెత్తి సైగ చేయబోయాను. మా ఆయన నావైపు చూడలేదు. ఆ రుమాలునే చూస్తూ చేతులు జోడించాడు.

"విన్నానండి. కావాలనే ఆపలేదు."

"ఆలోచించుకుని చెప్పు."

"విన్నానండి. కావాలనే ఆపలేదు. తప్పయింది, క్షమించండి."

ముసలాయన మొహం బిగుసుకుపోయింది. "ధిక్కరణ రుజువైంది. ఇక నా చేతుల్లో ఏముంది?" అని గుమాస్తా వైపు తిరిగాడు.

"అయ్యా, ఆయనకి వినపడదు!" అని అరిచాను.

"విన్నానని తనే అంటున్నాడు కదమ్మా" అన్నాడాయన.

అరిచి, కాళ్లావేళ్లా పడే ఆ కాస్త దారీ మూసేశానని అప్పుడర్థమైంది. చెవుడు కూడా బయటపడింది. నాకు ఆ మేస్త్రీ మీద కన్నా, ఆ రుమాలు మీద కన్నా, ఆ ధిక్కరణ అనే మాట మీదే ఒళ్లు మండింది.

గేటు దాటాక మా ఆయన ఆగి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇంకా ఏమీ తెలియదు ఆ మనిషికి.

"సరిగ్గా చెప్పానా?" అని అడిగాడు.

"ఒక్క ముక్క కూడా పోలేదు" అన్నాను, నోరు బాగా తెరిచి.