నా వేషం కట్టినవాడు పాసయ్యాడు

నేను ఒక చిన్న మీటల ఫోన్‌ని. విశాఖపట్నంలోని ఒక కంపెనీకి నన్ను తెచ్చిన రోజున అక్కడి గోడ మీద పనులు రాసి ఉన్నాయి: గాలివాన కబురు తెలుగులో చూపాలి. బ్యాటరీ పొదుపుగా వాడాలి. తెర చిన్నదైనా పటం తెలియాలి. అన్నీ అయ్యాక అసలు ఫోన్‌లో నడిపి చూడాలి. వేటకెళ్లే మత్స్యకారుల కోసం తయారవుతున్న యాప్ అది.

ఆ చివరి పనంటే అందరికీ బద్ధకం. నేను నెమ్మదిగా లేస్తాను మరి. అందుకని నన్ను సొరుగులో పడేసి కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ తెరిచారు. అంటే, తెర మీద నా వేషం కట్టే పగటివేషగాడన్నమాట. మొదట్లో వాడూ నాలాగే నత్తనడక నడిచాడు. టీం లీడర్ శ్రీకర్‌కు విసుగొచ్చి వాడి మెమరీని నాకున్నదానికి ఎన్నో రెట్లు పెంచాడు. వాడు లేడిలా గెంతాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెంచినదాన్ని మళ్లీ తగ్గించిన పాపాన ఎవరూ పోలేదు.

"సార్, ఒక్కసారి ఫోన్‌లో కూడా వేసి చూద్దామండీ," అంది టెస్టింగ్ చేసే కామేశ్వరి.

"అమ్మా తల్లీ, ఎమ్యులేటర్‌లో పాసయింది కదా! ఎల్లుండే ప్రారంభోత్సవం. అపశకునం పలక్కు," అన్నాడు శ్రీకర్.

ఆ ప్రారంభోత్సవంలో శాలువాతో పాటు నన్నూ మైలపల్లి నూకరాజు అనే మత్స్యకారుడి చేతిలో పెట్టి ఫొటో తీశారు. ఎర్ర పటం వస్తే ప్రమాదమని మాత్రం చెప్పారు. అతను నన్ను ప్లాస్టిక్ కవరులో చుట్టి మెడలో వేసుకున్నాడు. భార్య దేముడమ్మ మూతి విరిచింది.

"నాను సెప్తే ఇననోడివి, ఈ డబ్బా సెప్తే ఇంతావేటి?"

"ఇంతానే. ఇది వొద్దంటే ఎనక్కొచ్చేత్తాను, సరేనా?"

ఒకరోజు ఒడ్డు ఇంకా కనబడుతుండగానే కబురు వచ్చింది. నేను కుయ్యిమన్నాను. నూకరాజు మీట నొక్కాడు. అంత పెద్ద రంగుల పటం నాకున్న కొద్దిపాటి మెమరీలో పట్టలేదు. తెర తెల్లబడి బిగుసుకుపోయింది.

"తెలుపొచ్చినాది. అయితే పర్నేదు," అనుకుని అతను పడవను ముందుకే పోనిచ్చాడు.

గాలివాన వెలిశాక పడవ చెక్కలతో పాటు అతనూ, అతని మెడలో నేనూ ఒడ్డుకు కొట్టుకొచ్చాం. అతనిలో ప్రాణం లేదు. నేను పనిచేస్తూనే ఉన్నాను.

కంపెనీవాళ్లు నన్ను వెనక్కి తెప్పించుకున్నారు. శ్రీకర్ కవరైనా విప్పకుండా, "ఫోన్‌లోకి నీళ్లు పోయాయి. మన యాప్ తప్పేం లేదు," అని తేల్చేశాడు. నాలో చుక్క నీరు లేదు. ఛీ! కామేశ్వరి అడగబోతే ఆమెను వేరే పనికి మార్చారు. నన్ను తుక్కు గోనెలో పడేశారు. ఇక్కడ చచ్చిన చార్జర్ల కంపు నాకు నయంగానే ఉంది. ఆ కంపెనీ గదిలో మనుషులు అత్తరు పూసుకుని తిరిగేవారు, వాళ్లను తలుచుకుంటేనే డోకు వస్తుంది.

నన్ను మీరు తలుచుకోనక్కర్లేదు. మైలపల్లి నూకరాజును మాత్రం మరిచిపోకండి. అతను మొండివాడు కాడు, ఫోన్ చూడటం రానివాడూ కాడు. నేను వద్దని ఉంటే వెనక్కి వచ్చేవాడే.