పన్నెండు మీటర్ల వరండా

ఇంగ్విల్‌కి ఆ రోజు కావలసింది ఒక్కటే. తొమ్మిదేళ్ళ కూతురు తిరిల్ ఆ కాసేపూ సరిగ్గా నడవకూడదు.

తల్లి అలా కోరుకోవచ్చా అని ఎవరైనా అడిగి ఉంటే మొహం వాచేలా చీవాట్లు పెట్టి పంపేది. తిరిల్‌కి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నాలుగడుగులకే కాళ్ళు ఒకదానికొకటి అడ్డంపడతాయి. వాకర్ పట్టుకుని ఆ పిల్ల ఇప్పటి బడి వరండా దాటేసరికి మిగతా పిల్లలు ఆడుకుని తిరిగొచ్చేస్తున్నారు. ఆగస్టు నుంచి వెళ్ళవలసిన కొత్త బడి ఇంటికి ఇంకా దూరం. మోటారు కుర్చీ లేకపోతే కుదరదు. కుర్చీ ఇచ్చేది సర్కారు పరికరాల కేంద్రం. ఇచ్చేముందు ఒక మనిషి వచ్చి చూస్తాడు, ఒక్కసారే. వాళ్ళ ఊరు నామ్‌సోస్‌లో ఇలాంటి పిల్లలున్న తల్లులు ఒకరికొకరు చెప్పుకునే మాట ఒకటుంది: వాళ్ళొచ్చిన రోజు బిడ్డకి మంచి రోజు కాకూడదు.

అందుకే రెండడుగులు వేసి కూర్చోమని కూతురికి ముందే చెప్పింది. తిరిల్ ఊఁ అనలేదు. ఏడాదిపాటు ఫిజియో దగ్గర చెమటోడ్చి సంపాదించుకున్న నడక అది.

పరికరాల కేంద్రం నుంచి బడికి వచ్చినవాడి పేరు హల్వార్. కాఫీ వద్దన్నాడు. ఇంగ్విల్‌కి అక్కడే ఒళ్ళు మండింది. కుర్చీ ఇస్తే పిల్లలు నడక మానేస్తారని సన్నాయినొక్కులు నొక్కాడు. దాంతో ఆమె కూతురి ముందే కూతురి చిట్టా విప్పింది. రోజుకి ఎన్నిసార్లు పడుతుందో, మరుగుదొడ్డికి చేరేలోపల ఏమవుతుందో, అన్నీ.

తిరిల్ చెవులు ఎర్రబడ్డాయి. వాకర్ లాక్కుని లేచింది. పన్నెండు మీటర్ల వరండా ఆ చివరిదాకా నడిచి, గోడ ముట్టుకుని, తల్లివైపు తిరిగి నవ్వింది. కసి తీరిన నవ్వు.

హల్వార్ కలం మూత పెట్టేశాడు. "బాగానే నడుస్తోందిగా. మరి నన్నెందుకు పిలిచినట్టు?"

ఇంగ్విల్‌కి నోటికాడి కూడు లాక్కున్నట్టయింది. కూతురి మోకాళ్ళు వణుకుతున్నాయి. అవి ఇంకెంతసేపు నిలుస్తాయో ఆమెకు తెలుసు.

"ఇప్పుడు వెనక్కి రమ్మనండి," అంది హల్వార్‌తో.

"అలసిపోయిందేమో..."

"రోజూ వెనక్కి రావాలి కదా. రమ్మనండి."

తిరిల్ నవ్వు ఎగిరిపోయింది. "అమ్మా, వద్దు," అంది మెల్లగా.

"రా," అంది ఇంగ్విల్.

నాలుగో అడుగులో కాళ్ళు మెలికపడ్డాయి. వాకర్ ఒకవైపు, పిల్ల ఒకవైపు. గడ్డం చిట్లి రక్తం వచ్చింది. హల్వార్ పరుగెత్తబోతే ఇంగ్విల్ చెయ్యి అడ్డంపెట్టింది. "దానంతటది లేవగలదేమో చూడండి. చూసి, రాసుకోండి."

తిరిల్ మోచేతుల మీద లేవబోయింది, మళ్ళీ పడింది. మూడోసారి ఊరుకుంది. హల్వార్ తలెత్తకుండా రాసుకున్నాడు. అప్పటికిగాని ఇంగ్విల్ వెళ్ళి ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే పిల్ల చేతులు ఆమె మెడ చుట్టూ పడలేదు.

కుర్చీ జూన్‌లో వచ్చింది. తిరిల్ పావుగంటలో నడపడం నేర్చేసుకుంది. పక్కనే నడుద్దామని ఇంగ్విల్ జాకెట్ తొడుక్కుని బయటికొచ్చింది.

"నువ్వు రావద్దు," అంది తిరిల్.

"ఇంకా కోపమేనా? ఆ రోజు అలా చెయ్యకపోతే ఇది వచ్చేదా?"

"మళ్ళీ అయితే మళ్ళీ అలాగే చేస్తావా?"

ఇంగ్విల్ అబద్ధం చెప్పాలనుకుంది. చెప్పలేక, తొడుక్కున్న జాకెట్ విప్పేసింది. తిరిల్ అది చూసి, కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయింది.