పదికి ఎనిమిది

మా మామా దృష్టిలో సంతోషం జ్వరం లాంటిది. ఏడాదికోసారి కొలవాల్సిందే. ఇక్కడ పనికి వచ్చిన మేమంతా యజమానురాలిని మామా అనే పిలుస్తాం. వెంకటేశ్వరి అనడానికి నోరు తిరగక ఆవిడ నన్ను వెంకీ అంటుంది. కొరియా నుంచి ఈ అరబ్బు దేశంలోని హవల్లీకి వచ్చిన ఈ ఇంట్లో వాళ్ల పిల్ల జివూని ఆరేళ్లప్పటి నుంచి నేనే పెంచాను. తల్లి మాత్రం కొలిచింది. ప్రతి పుట్టినరోజుకూ ఫోన్‌ను స్టాండు మీద పెట్టి, పదికి నీ సంతోషం ఎంత అని అడుగుతుంది. ఆ వీడియోలను తన దేశంలోని తల్లులకు చూపించి, ఎదిగే పిల్లల మనసు గురించి ప్రసంగాలు చేస్తుంది. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారట. వినక ఏం చేస్తారు, వాళ్లకూ ఇదే జబ్బు.

చిన్నప్పుడు జివూ వంద అని అరిచేది. పదికి మించి చెప్పకూడదని మామా కసురుకుని మళ్లీ వీడియో తీసేది. పదమూడో ఏట పిల్లను మూడు ట్యూషన్లలో వేశారు. ఆ ఏడు తల వంచుకుని నాలుగు అంది. కన్నతల్లి అన్నాక గుండె గుభేలుమనాలి కదా. ఈవిడ కళ్లు మెరిశాయి. ఆ వీడియోను కనపడిన వాళ్లందరికీ చూపించుకుంది. తర్వాత మందు కూడా తనే కనిపెట్టింది, మనసు ప్రశాంతంగా ఉండడానికి నాలుగో ట్యూషన్.

మరుసటి ఏటి నుంచి జివూ ఎనిమిది అనడం మొదలుపెట్టింది. తన పెంపకం ఫలించిందని మామా మురిసిపోయింది. అసలు సంగతి పిల్ల వంటింట్లో నాకు చెప్పింది. నా దగ్గర పెరిగింది కనుక తెలుగు మాట్లాడితే మా రాయచోటి యాసే వస్తుంది.

"తొమ్మిదంటే నమ్మరక్కా. ఏడంటే ఇంగో క్లాసులో ఏస్తారు. ఎనిమిదంటే ఎవురూ ఏమీ అడగరు."

ఈ ఏడు పుట్టినరోజు, పెద్ద పరీక్ష ఒకే రోజు వచ్చాయి. కొరియా వాళ్లు పుట్టినరోజు పొద్దున సముద్రపు నాచుతో సూప్ చేసుకుని తాగుతారు. బాలింతకు పెట్టే సూప్ అది, కన్నతల్లిని తలుచుకుని పిల్లలు ఏటా తాగుతారు. కానీ నాచు జారుతుంది కాబట్టి పరీక్ష రోజు తాగితే మార్కులు కూడా జారిపోతాయట. అంత చదువుకున్న మామా సూప్ లేదు గీప్ లేదంది. వచ్చే శుక్రవారం చూద్దామంది.

జివూ వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"అక్కా, ఈసారి నేను పుట్నట్లు కాదా?"

నాకు ఒళ్లు మండింది. పరీక్ష రోజు పొద్దున్నే చిన్న గిన్నెలో సూప్ కాచాను. జివూ పొయ్యి దగ్గర నిలబడే గిన్నె ఎత్తి జుర్రుకుంది. మూతి తుడుచుకోకుండా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో.

"పది," అంది. "అమ్మకు చెప్పాకు."

చెప్పాల్సిన పని లేకుండానే వాసన పట్టుకుని మామా వచ్చింది. పిల్లను బడికి పంపేసి నా మీద పడింది. దాని జీవితం నాశనం చేశానంది. మార్కులు తగ్గితే నీ ఇఖామా ఖలాస్, ఇక్కడుండే అనుమతి పోతుంది, ఇక మీ దేశం పోవడమే అని వేలు చూపించింది. కూతురికి జడ వేయడానికి ఏనాడూ లేవని చేయి, నా మీదికి మాత్రం చక్కగా లేచింది.

మధ్యాహ్నం జివూ వచ్చి పరీక్ష బాగా రాశానని చెప్పింది. మామాకు వెంటనే నవ్వు తిరిగి వచ్చింది. సాయంత్రం కేకు పెట్టారు, స్టాండు పెట్టారు. ఎంత అని అడిగితే పిల్ల ఎనిమిది అంది. మామా చప్పట్లు కొట్టి ఫోన్‌ను నా వైపు తిప్పింది. పెంచిన పనిమనిషి కూడా సుఖంగా ఉందని వింటే ఆ తల్లులకు ఇంకా నచ్చుతుందట. మా ఇంట్లో నీ సంతోషం పదికి ఎంత అని నన్ను అడిగింది.

పొద్దున చూపించిన వేలు ఇంకా నా కళ్ల ముందే ఉంది. మా రాయచోటి భాషలో నాలుగు మాటలు నోటి దాకా వచ్చాయి. అప్పుడు మామా వెనక నిలబడిన జివూ, తల్లికి కనపడకుండా, ఒక చేతి వేళ్లన్నీ, రెండో చేతివి మూడు ఎత్తి నాకు చూపించింది. పిల్ల కళ్లు నన్ను బతిమాలుతున్నాయి.

"ఎనిమిది," అన్నాను.

మామా ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు.