గల్లా దగ్గరి ఫొటో

నా భార్య అనసూయ పెళ్లయిన నాటి నుంచీ నా పేరు పలకలేదు. ఇందులో వింతేమీ లేదు. మా ఇళ్లలో ఆ వయసు ఆడవాళ్లెవరూ మొగుడి పేరు పలకరు. కానీ అనసూయది మరీ మొండిపట్టు. నా పేరు రామసుబ్బయ్య కావడం వల్ల పాపం ఆమె నోటికి ఇద్దరు దేవుళ్లు దూరమయ్యారు. శ్రీరామనవమిని పానకాల పండగ అనేది. రాములవారి గుడిని సీతమ్మ గుడి అనేది. సుబ్బరాయుడి షష్ఠిని పాముల పండగ చేసేసింది. ఏదైనా మొక్కుకోవాల్సి వస్తే ఈ చిక్కంతా లేకుండా అహోబిలం నరసింహుడికి మొక్కుకునేది. పెళ్లయిన కొత్తలో నేను తలుపుకు అడ్డంగా నిలబడి, పేరు చెబితేనే పోనిస్తానని ఎంత వేధించినా తల వంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదే తప్ప పెదవి కదిపేది కాదు. ఆ నవ్వు చూడ్డానికే అన్నిసార్లు అడిగేవాణ్నేమో.

ఆలూరు బజారులో మాది కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. నేను గల్లా దగ్గర కూర్చుంటాను. మా అబ్బాయి ప్రదీప్‌కుమార్ ఆదోని పోయి సరుకు తెస్తాడు. కోడలు రమ్యశ్రీ ఇల్లు చూసుకుంటూ, గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు వచ్చి తూకం కూడా వేస్తుంది. అనసూయకు మతి జారుతోందని మొదట పసిగట్టింది ఆ పిల్లే. ఉగ్గాని చేస్తూ బొరుగులు నానబెట్టి మరిచిపోతుంటే వయసు మీద పడిందిలే అనుకున్నాను నేను. ఒకరోజు సీతమ్మ గుడికని బయల్దేరి, బజారు మధ్యలో దారి తెలియక నిలబడిపోయింది. పుట్టి పెరిగిన ఊళ్లో దారి అడగడానికి సిగ్గుపడి ఏడుస్తుంటే, మాకు కందులు తెచ్చే బసవరాజు చూసి ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు.

కర్నూలులో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇది తగ్గే జబ్బు కాదనీ, ముదరకుండా కొంతకాలం ఆపగలిగితే అదే గొప్పనీ చెప్పాడు. రోజూ ఇంటి మనుషుల ఫొటోలు, వాడుకునే వస్తువుల ఫొటోలు చూపించి ఎవరు, ఏమిటి అని అడుగుతూ ఉండమన్నాడు. ఆమెను కూడా అప్పుడే కొన్ని ప్రశ్నలు అడిగాడు. ఊరి పేరు చెప్పింది. కొడుకు పేరు చెప్పింది. మీ ఆయన పేరేమిటమ్మా అంటే మాత్రం తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అత్త చెప్పదు సార్. మా ఇండ్లల్లో చెప్పరు," అంది రమ్యశ్రీ.

డాక్టరు నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ ప్రశ్న అక్కడితో వదిలేశాడు. తరవాత మేము కూడా ఆమెను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

అంతవరకు నేను ఫోనుతో ఫొటో తీశానంటే అది తడిసిన బస్తా ఫొటోనే. తీసి, నీ సరుకు చూడు అని హోల్‌సేలు వాడికి పంపి, ఆ వెంటనే ఫోన్ చేసి నాలుగు తిట్టేవాణ్ని. అలాంటివాణ్ని ఇప్పుడు పొద్దున లేస్తే ఫోను పట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాను. మొదట తీసినవన్నీ తలలు తెగిపోయినవి, లేదంటే నా బొటనవేలు. రమ్యశ్రీ చూసి, "మామా, బసవరాజన్న తలకాయ యాడ పోయింది?" అని అడిగింది. కోపమొచ్చి ఫోను గల్లాలో పడేశాను. కాసేపటికి మళ్లీ తీశాను, ఇంకేం చేస్తాను.

చెయ్యి కుదురుకున్నాక ఒక సంగతి తెలిసొచ్చింది. జీవితమంతా ఆ అంగట్లో కూర్చున్నాను గాని నేను చూసింది గిరాకీనే, అంగడిని ఎన్నడూ చూడలేదు. మధ్యాహ్నం షట్టరు సగం దించితే దాని కింద నుంచి ఎండ పాక్కుంటూ వచ్చి జొన్నల బస్తా మీద కూర్చుంటుంది. బసవరాజు కందులు పిడికిట్లోకి తీసుకుని చూపించేటప్పుడు వాడి గోళ్లలో నల్లరేగడి మట్టి ఉంటుంది. అనసూయ రొట్టె తడుతుంటే పిండి లేచి ఆమె కనుబొమల మీద పడుతుంది. ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నాయి. అవన్నీ తీశాను. బెల్లం దిమ్మె తీశాను, అరిగిపోయిన గడప తీశాను, ఆమె పోపు డబ్బా తీశాను. ఒక్కోసారి మంచి ఫొటో పడితే, తలకు మించిన కష్టంలో ఉన్నానని కూడా మరిచిపోయి సంతోషపడేవాణ్ని. ఆ వెంటనే నామీద నాకే అసహ్యం వేసేది.

"ఏమప్పా సెట్టీ, సరుకు అమ్ముతావా, ఫొటోలు అమ్ముతావా?" అని గిరాకీలు ఎగతాళి చేసేవాళ్లు. బస్టాండు దగ్గర స్టూడియో పెట్టుకున్న వీరభద్ర వాటిని కాగితం మీద వేసిచ్చేవాడు. "పెండ్లి ఆల్బం కూడా నేను ఇంత లావు కట్టలేదు సెట్టీ," అనేవాడు. వాడికి జబ్బు సంగతి చెప్పలేదు. రేపు పుట్టబోయే మనవళ్లకు చూపించడానికని అబద్ధం చెప్పాను.

ఆల్బంలో మొదటి పేజీ నాది. గల్లా దగ్గర కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, పొట్లం కడుతున్నాను. రమ్యశ్రీ తీసింది. తలకాయ తెగకుండా తీసింది.

మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక మా పాఠం. బస్తాల పక్కన చాప వేసి, ఆమెను కూర్చోబెట్టి, పేజీ పేజీ తిప్పేవాణ్ని. మొదట్లో నా ఫొటో రాగానే ఆమె వేలు ఫొటో మీద నుంచి లేచి నావైపు తిరిగేది. తల వంచుకుని, కొంగు నోటికి పెట్టుకుని నవ్వేది. తరవాత పేజీ నుంచి గడగడా చెప్పుకుపోయేది. బసవరాజు, కందులు తెస్తాడు. ఇది మా గడప. ఇది రమ్య, శానా మంచి పిల్ల. ఇది ప్రదీపుడు, చిన్నప్పుడు మన్ను తినేవాడు.

"ఇవన్నీ నన్ను ఎందుకు అడుగుతాండారు? మీకు తెలీదా?" అనేది.

"నేను మర్చిపోతానేమోనని," అనేవాణ్ని.

"అయితే రోజూ నేను చెప్తాలెండి," అనేది నన్ను ఓదారుస్తున్నట్టు.

ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. ముందు ఆమె గుర్తులోంచి బసవరాజు పోయాడు. తరవాత గడప పోయింది, పోపు డబ్బా పోయింది. బెల్లం దిమ్మెను చూసి రాయి అంది. అహోబిలం తీసుకుపోతే మతి ఏమైనా మేలుకొంటుందేమోనని పోయాం. అక్కడ మెట్ల మీద ఆమె నవ్వుతుంటే తీసిన ఫొటో ఇప్పటికీ నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచిది. ఇంటికొచ్చి ఆ ఫొటో చూపిస్తే, ఈయమ్మ ఎవరో మంచి కళగా ఉందంది. నేను ఫొటోలు ఇంకా ఎక్కువ తీశాను. ఎంత తీస్తే అంత ఆగుతుందన్న పిచ్చి నాది. ఆల్బం నిండి రెండోది కొన్నాను, అందులో ఒక్క ముఖాన్నీ ఆమె గుర్తుపట్టలేదు.

కొడుకు పేరు పోయిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ప్రదీప్ ఎదురుగా కూర్చుని ఉంటే, వాడి ఫొటో మీద వేలు పెట్టి, "ఈ పిల్లోడు ఎవరి పిల్లోడు?" అని వాణ్నే అడిగింది. వాడు లేచిపోయి బస్తాల వెనక కూర్చుని ఏడ్చాడు. వాడి వీపు నిమిరి ధైర్యం చెప్పాను. నోటితో వాణ్ని ఓదారుస్తూనే, లోపల ఒక మూల నేనింకా మిగిలానని గర్వపడ్డాను. తండ్రిననే మాట కూడా మరిచి గర్వపడ్డాను. ఎందుకంటే నా ఫొటో రాగానే ఆమె ఇంకా తల వంచుకుంటోంది. ఇంకా పేరు చెప్పడం లేదు. చెప్పడం లేదంటే నేను ఆమెకు మొగుణ్నే. ఆ మౌనాన్నే పట్టుకుని రోజులు లాగాను.

రమ్యశ్రీ ఒకరోజు తూకం రాళ్లు సర్దుతూ మెల్లగా అంది. "మామా, ముందు మీ ఫొటో చూసి మీ దిక్కు వేలు చూపిచ్చేది అత్త. ఇప్పుడు చూపిచ్చడంలేదు."

"సిగ్గు. కొత్తనా ఆమెకు?"

"అది కాదు మామా. ఎవరి ఫొటో పెట్టినా అట్లనే తల వంచుకుంటాంది. నిన్న బెల్లం ఫొటోకు కూడా వంచుకుంది. తెలీనప్పుడు అట్ల చేస్తాందేమో."

"నిన్నగాక మొన్న వచ్చినదానివి, ఆమె సంగతి నీకేం తెలుసు? పోయి పని చూసుకో," అని కసిరాను.

ఆ పిల్ల తూకం రాళ్లు వదిలేసి లోపలికి పోయింది. అడిగి తేల్చుకోవడం ఎంతసేపు పని? నేనెవరు అనసూయా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆ ప్రశ్న తప్ప లోకంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగాను.

మళ్లీ కర్నూలు పోవలసిన రోజు వచ్చింది. పెద్ద డాక్టరు సెలవులో ఉంటే ఆయన దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మ చూసింది. మేము నలుగురం ఆమె ముందు కూర్చున్నాం. ఆల్బం తన చేతిలోకి తీసుకుని, ఫొటోలు చాలా బాగున్నాయండీ, మీరే తీశారా అని అడిగింది. తలూపాను. చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పుతూ ఒక్కొక్కటే అడిగింది. అనసూయ ప్రతిదానికీ తల వంచుకుంటూనే ఉంది. బసవరాజుకు వంచుకుంది, కొడుక్కు వంచుకుంది, కోడలికి వంచుకుంది. రమ్యశ్రీ నావైపు చూడలేదు. ఆఖరికి నా ఫొటో వచ్చింది.

"ఈయన ఎవరో తెలుసా అమ్మా?"

డాక్టరమ్మకు మా కట్టుబాటు సంగతి ఎవరూ చెప్పలేదు. రమ్యశ్రీ చెప్పబోయింది. అంతలోనే అనసూయ తల ఎత్తి, ఫొటోను కాస్త దగ్గరికి లాక్కుని, కొంగు ముట్టుకోకుండా, తడుముకోకుండా చెప్పింది.

"రామసుబ్బయ్య సెట్టి."

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. "కరెక్ట్. చాలా బాగా చెప్పారమ్మా," అంది. ప్రదీప్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నాయనా, చెప్పింది నాయనా. నీ పేరు చెప్పింది," అన్నాడు. వాడికి తల్లి తిరిగొచ్చినంత సంబరం. రమ్యశ్రీ మాత్రం చేత్తో నోరు మూసుకుంది. ఆడపిల్ల కదా, వెంటనే అర్థమైంది. నాకూ అయింది. ఆ పేరు వినాలని నేను వేధించిన కాలమంతా ఆమె నా భార్య. వినిపించిన ఈ క్షణానికి కాదు. ఊళ్లో ఎవరైనా పలికే పేరును, ఊళ్లో ఎవరైనా పలికినట్టే పలికింది.

"ఆయన మీకు ఏమవుతారమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏమీ కాడు. బజార్లో అంగడి. సరుకు బాగుంటాది, తూకం మోసం చేయడు," అంది అనసూయ.

డాక్టరమ్మ, అయినా పేరు గుర్తు రావడం మంచి లక్షణమనీ, ఫొటోలు ఆపవద్దనీ చెప్పింది. నేను సరేనన్నాను. ఆమెకు చెప్పి ఏం ప్రయోజనం?

మందులు తేవడానికి ప్రదీప్, నీళ్ల కోసం రమ్యశ్రీ వెళ్లారు. మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. ఆల్బం నా ఒళ్లో ఉంది. అనసూయ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు చేసేలా కొంచెం పక్కకు జరిగింది.

"ఏమప్పా, ఏడుస్తాండావు? ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?" అని అడిగింది.

"మా ఇంటామెకు," అన్నాను.

"అయ్యో. తగ్గుతాదిలే అప్పా, దిగులు పడొద్దు," అంది. తరవాత నా ఒళ్లోని ఆల్బం వైపు చూసి, "ఆ సెట్టి ఫొటో నీ కాడ ఎందుకుండాది? నీకు చుట్టమా?" అంది.

"తెలిసిన మనిషిలేమ్మా," అన్నాను.