పద్నాలుగో ప్రశ్న

బొటనవేలికి రబ్బరు తొడుగు వేసుకుని ఆర్డిస్ నైగార్డ్ కాగితాలు తిప్పుతోంది. కౌంటీ ఆఫీసులో రెండో కిటికీ వెనక ముప్పై ఒక్కేళ్లుగా ఆమె పని అదే. పేదలు తిండి కొనుక్కోవడానికి సర్కారు ఇచ్చే ఫుడ్ స్టాంపుల దరఖాస్తు చదవాలి, సంతకం సరిచూడాలి, తేదీ ముద్ర కొట్టాలి, పక్కన పెట్టాలి.

పొట్టి మనిషి. ఊదారంగు స్వెట్టరు మోచేతుల దగ్గర రెండుసార్లు రఫ్ఫు చేయించినది. పెళ్లి చేసుకోలేదు, అందుకు బాధపడిందీ లేదు. ఆదివారాలు చర్చిలో రెండో వరుసలో నిలబడి పాడుతుంది. ఆమె రాని వారం పాట ఎక్కడో పలచబడినట్టు అందరికీ అనిపిస్తుంది గాని, ఎందుకో ఎవరికీ తట్టదు. మిన్నెసోటా ఉత్తరాన ఆ చిన్న ఊళ్లో ఆమె గురించి చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ ఉండదు. ఇవాళ ఆమెకు ఉద్యోగంలో ఆఖరి రోజు. హడావిడేమీ వద్దని ఆఫీసులో ముందే చెప్పేసింది.

కట్టలో అడుగున వెర్లిన్ హాగ్స్‌రుడ్ దరఖాస్తు వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

వెర్లిన్ కథ ఊరంతటికీ తెలుసు. సెప్టెంబరులో పక్కింటి లైల్ పశువుల కొట్టం కాలిపోయింది. ఫైర్ స్టేషన్ హాల్లో భోజనాలు పెట్టి, లైల్ కోసం వేలం వేశారు. తలా ఒక వస్తువు తెచ్చి ఇచ్చారు. పాడుకున్నవాళ్లు కొందరు దాన్ని మళ్లీ వేలం వేయమని వెనక్కిచ్చారు. అక్కడ ఆనవాయితీ అదే. వెర్లిన్ తన పడవను, దాని మోటారుతో సహా ఇచ్చేశాడు. సరిగ్గా మూడు వారాలకు అతను పనిచేసే కలప మిల్లు మూతపడింది.

రూలు ప్రకారం, దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో అంత విలువైన ఆస్తి ఊరికే ఇచ్చేస్తే, స్టాంపుల కోసమే వదిలించుకున్నట్టు లెక్క. ఆరు నెలలు స్టాంపులు బంద్. తప్పించుకోవడానికి ఒక్కటే దారి. అవి లేకపోతే పస్తులుండాలని తేలితే పై అధికారి ఆ శిక్షను ఎత్తేయవచ్చు. పద్నాలుగో ప్రశ్న అందుకే ఉంది: ఈ సహాయం అందకపోతే మీకు కలిగే ఇబ్బంది వివరంగా రాయండి.

వెర్లిన్ రాశాడు: "పెద్దగా లేదు. గడిచిపోతోంది."

ఆర్డిస్‌కు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఆ ఊరివాళ్ల జబ్బే అది. ట్రాక్టరు కింద కాలు ఇరుక్కున్నవాణ్ని పలకరించినా ఫరవాలేదనే అంటాడు. ఆమెకూ ఆ జబ్బు ఉంది, కాబట్టే ఆ రాత వెనకున్నది చదవడం వచ్చు. సోమవారం ఈ కుర్చీలోకి నగరం నుంచి కొత్తావిడ వస్తోంది. ఆవిడ "పెద్దగా లేదు" అంటే పెద్దగా లేదనే చదువుతుంది. ఆర్డిస్ ఫోను అందుకుంది.

రెండింటికల్లా వెర్లిన్ వచ్చాడు. ఆరడుగుల మనిషి. కోటు వంకెకు తగిలించినట్టు వేలాడుతోంది. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బెజ్జం ఉంది.

"ఎలా ఉన్నారు వెర్లిన్?"

"బాగానే ఉన్నానండీ. ఇంకా మంచు పడలేదు, అదే పదివేలు."

"నిన్న ఏం తిన్నారు?"

"బాగానే తిన్నాను."

"అదే, ఏంటి?"

"ఓట్స్ జావ."

"రాత్రికి?"

"అదే. కాకపోతే రాత్రి ఉప్పేసుకున్నా."

ఆర్డిస్ నవ్వు కనబడకుండా పెన్ను మూత వెతికింది. "మరి ఇబ్బంది లేదని రాశారేంటి?"

"నాకన్నా లేనోళ్లున్నారు కదండీ. లైల్‌కి కొట్టమే పోయింది. నాకేం పోయిందని?"

"పడవ పోయింది. మిల్లు పోయింది. బెల్టుకి కొత్త బెజ్జం పడింది."

వెర్లిన్ టోపీ బెల్టుకు అడ్డం పెట్టుకున్నాడు. "పడవ ఇవ్వడం తప్పంటారా?"

"తప్పు కాదు. మా కాగితాలకి అదంతా తెలీదు, అంతే." ఆమె ముందుకు వంగింది. "ఒకటి చెప్పండి. మీరు లైల్ ఇంటికెళ్లి ఫ్రిజ్ తీశారనుకోండి. మీ ఫ్రిజ్‌లో ఏముందో అందులోనూ అదే ఉంది. ఏం చేస్తారు?"

"ఏదో ఒకటి వండి పట్టుకెళ్తా. ఎవరికీ చెప్పను."

"ఆ ఫ్రిజ్‌లో ఏం చూసి?"

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "టమాటా సాసు సీసా. సగం ఉల్లిపాయ. డబ్బాలో వానపాములు."

"వానపాములా?"

"ఎర కోసమండీ. పడవ లేకపోయినా ఒడ్డు మీంచి గాలం వేస్తున్నా."

"పడుతున్నాయా?"

"లేదండీ. చేపలకి కూడా పెద్దగా ఇబ్బంది లేనట్టుంది."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వు తగ్గేలోపే ఆమె కొత్త కాగితం అతని ముందుకు జరిపింది. "లైల్ గురించి రాస్తున్నాననుకుని రాయండి."

వెర్లిన్ పేజీ నిండా రాశాడు. చివర్న "ఆకలేస్తోంది" అని రాసి, కాలే మూకుడును తోసినట్టు కాగితాన్ని వెనక్కి తోశాడు. ఆర్డిస్ కళ్లు చెమర్చాయి. పై అధికారి కార్లా నిలబడే చదివి సంతకం చేసింది.

"ఈ ముక్క మొదటే రాయొచ్చుగా?" అంది కార్లా.

"మొదటే రాస్తే మనూరివాడెలా అవుతాడు?" అంది ఆర్డిస్. శిక్ష ఎత్తేశారు. స్టాంపుల పుస్తకం అక్కడికక్కడే చేతికిచ్చింది.

ఇంతలో లోపల్నుంచి రేకు ట్రేలో చాక్లెట్ కేకు వచ్చింది. ఆ ఊళ్లో వద్దన్న మాట మూడుసార్లు చెబితేగాని చెల్లదు. ఆర్డిస్ రెండుసార్లే చెప్పింది. వెర్లిన్‌నూ పోనివ్వలేదు. అతను రెండుసార్లు వద్దని, మూడోసారికి తిన్నాడు. కార్లా నాలుగు మాటలు మాట్లాడబోయి ఏడ్చేసింది. ఆర్డిస్‌కు ఎంత సంతోషంగా ఉందో ఆమెకే సిగ్గనిపించింది.

చివరికి ట్రేలో ఒక ముక్క మిగిలింది. ఆఖరి ముక్క అక్కడ ఎవరూ తీసుకోరు. ఒకరు అందులో సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. గోరంత మిగిలి, అదే ఎండిపోతుంది. కార్లా అప్పటికే కత్తి అందుకుంది.

"ఇంకెవరికైనా కావాలా?" అన్నాడు వెర్లిన్.

అందరూ తల అడ్డంగా ఊపారు.

"అయితే నాక్కావాలి" అన్నాడు. ముక్కంతా తీసి కాగితం రుమాల్లో చుట్టుకున్నాడు.

నాలుగున్నరకు ఆర్డిస్ కోటు వేసుకుంది. రెండో కిటికీ దీపం ఆర్పి, రోజూ వెళ్లినట్టే వెళ్లిపోయింది. బల్ల మీద రేకు ట్రే ఉండిపోయింది. ముప్పై ఒక్కేళ్లలో ఆ ఆఫీసులో పూర్తిగా ఖాళీ అయిన మొదటి ట్రే అది.