సూర్యుడి మీద మోపిన నేరం

బెళుగుప్ప హైస్కూల్లో సైన్సు చెప్పే జ్యోతిలక్ష్మి ఎనిమిదేళ్లుగా ఒక పని మానలేదు. బడి గంట కొట్టే ముందు చిన్న టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పి, ఆ వెలుగును తెల్ల అట్ట మీద పడనిస్తుంది. అందులో కనిపించే మచ్చలను నోటుపుస్తకంలో గీసుకుంటుంది. 2019లో వారాల తరబడి అట్ట మీది సూర్యబింబం ఖాళీగానే ఉండేది. 2024 వచ్చేసరికి మచ్చలు గీయడానికే పావుగంట పట్టేది. పదకొండేళ్లకు అటూ ఇటుగా అవి పెరిగి తగ్గుతాయని పిల్లలకు చెప్పేది.

ఆ ఏడు జూన్ చివర్లో వాన పడింది. ఆమె నాయన కుళ్లాయప్ప నాలుగెకరాల్లో వేరుశనగ విత్తాడు. మూడెకరాలకు గోవిందప్ప అంగడిలో కొన్న విత్తనం, ఒక ఎకరాకు ఇంట్లో దాచుకున్నది. పది రోజులకు ఇంటి విత్తనం సాళ్లు పచ్చగా లేచాయి. మూడెకరాల్లో మాత్రం ఇక్కడొకటి, అక్కడొకటి. ఆ అంగడి విత్తనం వేసిన వాళ్లందరి చేలూ అంతే.

రైతులు వెళ్లి అడిగితే గోవిందప్ప టీవీ వార్తలు అందుకున్నాడు.

"మే నెలలో సూడలేదా? సూర్యునిలో మచ్చలు పెరిగి తుపాను లేసిందంట. యాడనో ఆకాశమే ఎర్రగైందంట. ఆ వేడికి విత్తనం సచ్చిపోయింది. నేనేం సేయాల?"

కొందరు నిజమేనేమో అనుకుని వెనుదిరిగారు. ఆ మాట ఇంటికి చేరగానే జ్యోతిలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. సంచిలో మిగిలిన అంగడి విత్తనం నూరు గింజలు, నాయన దాచినవి నూరు తీసి, వేర్వేరు తడి గోనెల్లో చుట్టి, బడి బీరువాలో పెట్టి తాళం వేసింది.

మిగతా రైతులు మొరపెట్టుకోవడంతో, వారానికి వ్యవసాయాధికారి శశికుమార్ అందరినీ పిలిచాడు. గోవిందప్ప మళ్లీ సూర్యుడి పేరే ఎత్తాడు. జ్యోతిలక్ష్మి లేచి రెండు గోనెలూ బల్ల మీద విప్పింది. ఇంటి గింజల్లో ఎనభై ఆరు మొలిచాయి. అంగడివి పదకొండు. మిగతావి బూజు పట్టి కంపు కొడుతున్నాయి.

"ఈ రెండూ మే నెల్లో నీడనే ఉండె, ఈ వారం తాళమేసిన బీరువాలో ఉండె గోవిందప్పా. దాంట్లోకి యా సూర్యుడొచ్చినాడు?"

"పిల్లోళ్లకు పాఠాలు సెప్పుకునే దానివి. నీకేం తెలుసమ్మా?"

"ఎనిమిదేండ్లుగా ఆ మచ్చల్ని దినామూ గీస్తాండా. అవి ఎంత పెరిగినా ఈడికొచ్చే ఎండలో తేడా మన ఒంటికి గూడా తెలీదు. ఒకే చేన్లో, పక్కపక్క సాళ్లలో మా ఇంటి విత్తనం మొలిచింది, నీది మొలవలేదు. సూర్యుడు నీ సంచి గుర్తుపట్టి మరీ కాల్చినాడా?"

"పుచ్చిన కాయలు అమ్మి, ఆకాశం మీదికి తోస్తావా?" అంటూ తిమ్మమ్మ అనే ముసలి రైతు ముందుకు దూసుకొచ్చింది. శశికుమార్ అంగడి సంచులకు సీలు వేయించి పరీక్షకు పంపాడు.

ఆగస్టులో ప్రభుత్వం నుంచి కొత్త వేరుశనగ విత్తనం వచ్చింది. అప్పటికి అదును దాటిపోయింది. కుళ్లాయప్ప మూడెకరాలు మళ్లీ దున్ని ఉలవలు చల్లాడు. జ్యోతిలక్ష్మి రైతులందరి చేత సంతకాలు పెట్టించి అనంతపురంలో ఫిర్యాదు ఇచ్చింది. పరీక్షలోనూ ఆ విత్తనం పనికిరాదని తేలడంతో అంగడి లైసెన్సు ఆ సీజనుకు ఆపేశారు. తన విత్తనానిదే తప్పని మాత్రం గోవిందప్ప ఎవరి ముందూ ఒప్పుకోలేదు.