శని దగ్గర ఆగిన జాతకం

వేంకటరమణమూర్తిగారు బరంపురంలో పేరున్న పురోహితులు. ఈమధ్య చేత్తో లెక్కలు కట్టడం మానేసి జాతకాలు ల్యాప్‌టాప్‌లో వేస్తున్నారు. ఇంట్లో ప్లగ్గుకి తగిలించి కూర్చుంటే, పుట్టిన తేదీ, వేళ కొట్టీ కొట్టకముందే పొంతన తేల్చేసేది. ఆ ధీమాతోనే దాన్ని సంచీలో పెట్టుకుని ఖల్లికోటలో నరసన్న ఇంటికి వెళ్లారు.

నరసన్న చేపల వ్యాపారి. ఆయన కూతురు సస్మితను చూసుకోవడానికి గోపాలపూర్ నుంచి జగదీష్, అతని తల్లి ఉషారాణి వచ్చారు. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. జాతకాలు కలిస్తే ఆ పూటే తాంబూలాలు పుచ్చుకోవాలని పెద్దల ఉద్దేశం.

ఊళ్లో పొద్దుటినుంచీ కరెంటు లేదు. అయితేనేం, బ్యాటరీ నిండా ఉందనుకుంటూ పంతులుగారు పరుపు మీద ల్యాప్‌టాప్ తెరిచి వివరాలు కొట్టారు.

తెర మీద సూర్యుడు వచ్చాడు. అందరూ టీ తాగారు. చంద్రుడు వచ్చాడు. శని దగ్గరికి వచ్చేసరికి చిన్న చక్రం ఒకటి గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది.

సస్మిత నాయనమ్మ కాసమ్మ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది. "ఏటి పంతులుగోరూ, శని అలా తిరగతన్నాడేటి?"

"శని కాదమ్మా, మిషను ఆలోచిస్తోంది."

"అంత ఆలోసించడానికి ఏటుంది ఈ గుంటడి జాతకంలో?"

ఉషారాణి టీ కప్పు ఠక్కున కింద పెట్టింది. "మావోడిది ఎప్పుడో అయిపోనాది. ఆగిపోనాది మీ గుంట జాతకం కాడ. సరిగ్గా సూడండి!"

పంతులుగారికి చెమటలు పట్టాయి. జాతకంలో దోషముంటే శాంతి చెప్పగలరు గాని, మిషనులో దోషానికి ఏ శాంతి చెయ్యాలో ఆయనకు తెలీదు. భువనేశ్వర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న కూతురు అరుణకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"ముందు దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టు నాన్నా," అంది అరుణ.

ఆపారు. అది మళ్లీ లేచేలోపు కాసమ్మకి ఒక కునుకు పట్టేసింది. వివరాలు మళ్లీ కొట్టారు. శని మళ్లీ మొండికేశాడు.

"దేనిమీద పెట్టావ్?"

"పరుపు మీదమ్మా. మెత్తగా ఉంటుందని."

"అది నిద్రపోవాలా ఏటి నాన్నా! దానికి కింద గాలాడాలి."

సస్మిత పరుగున పీట తెచ్చి వేసింది. జగదీష్ విసనకర్రతో ల్యాప్‌టాప్‌కి విసరసాగాడు. ఆ గాలికి సస్మిత ముంగురులు ఎగిరాయి. అతను అటు చూస్తూ, ఇటు విసరడం మరిచిపోయి పంతులుగారి ముక్కుకి విసనకర్ర తగిలించాడు. సస్మిత పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శని మాత్రం కదల్లేదు. పంతులుగారు కోపంకొద్దీ 'పొంతన' అన్న మీటను టకటకా నొక్కుతూ పోయారు.

"నాన్నా, ప్లగ్గులో ఉన్నప్పుడు బాగానే నడుస్తుందా?"

"గుర్రంలా పరిగెడుతుంది తల్లీ. తీగ పీకితేనే ఇలా."

"అయితే కింద మూల బ్యాటరీ బొమ్మ దగ్గర ఆకు ఏమైనా కనిపిస్తోందా?"

"ఆఁ, ఉంది. మొన్న నేనే పెట్టాను. ఆకు కదా, శుభమని."

"అది బ్యాటరీ పొదుపు నాన్నా! ఛార్జింగ్ మిగలాలని మిషను పని తగ్గించేస్తుంది. దాన్ని నొక్కి తీసెయ్. పక్కనే పవర్ మోడ్ ఉంటుంది, అందులో బెస్ట్ పెర్ఫార్మెన్స్ పెట్టు."

పంతులుగారు ఆకు తీసేశారు, మోడ్ మార్చారు. అంతే, శని గభాలున తన గడిలోకి వెళ్లి కూర్చున్నాడు. మిగతా గ్రహాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగాయి. ఇందాక ఆయన నొక్కిన నొక్కుళ్లన్నీ ఒక్కసారే అందుకుని మిషను ఆడగొంతుతో అరవడం మొదలెట్టింది: "పొంతన మధ్యమం, చేసుకోవచ్చు. పొంతన మధ్యమం, చేసుకోవచ్చు. చేసుకోవచ్చు. చేసుకోవచ్చు..."

ఆపడానికి పంతులుగారు ఏది నొక్కినా ఇంకోసారి అరుస్తోంది.

"సేసుకోమని బతిమాలతంది!" కాసమ్మ చప్పట్లు చరిచింది. "ఇన్నిసార్లు సెప్పాక ఇంకేటి సూస్తారు?"

"మధ్యమం అన్నాది గదా," అంటూ ఉషారాణి కొంచెం నసిగింది.

"మరి మనమేటి, ఉత్తమాలమా?" అంది కాసమ్మ.

ఉషారాణి ఆపుకోలేక పక్కున నవ్వేసింది. ఆ నవ్వుతోనే పెళ్లి ఖాయమైంది. నరసన్న తాంబూలం పళ్లెం పట్టుకొచ్చేసరికి బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది, గొంతూ ఆగింది. ఉషారాణి అందుకోవడానికి వీలుగా ఉంటుందని నరసన్న ల్యాప్‌టాప్ మూత వాల్చి పళ్లెం దానిమీదే పెట్టేశాడు. పంతులుగారు ఏదో అనబోయి, నవ్వుతున్న ఉషారాణి, కాసమ్మల ముఖాలు చూసి, గొంతు సవరించుకుని మంత్రం ఎత్తుకున్నారు.